వీడియో చేసే బిడ్డ, కింద రాసే మాటలు

మెదక్‌లో రాందాస్ చౌరస్తా దగ్గర కాసేపు నిలబడి చూడండి. కూరగాయల బండి అక్క చేతిలో ఫోను. ఆటో నడిపే తమ్ముని చేతిలో ఫోను. బస్సు కోసం నిలబడ్డ ముసలవ్వ చేతిలోనూ ఫోనే. అందరూ వీడియోలు చూస్తారు. కొందరు చేసి పెడతారు కూడా. ఒకరు వంట చేసి చూపిస్తారు. ఒకరు బతుకమ్మ పాట పాడి పెడతారు.

జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వను మీరు చూసే ఉంటారు. కూలి పని చేసుకుని బతికిన మనిషి. ‘మై విలేజ్ షో’ వీడియోలతో ఊరూరికీ తెలిసింది. 2020లో బిగ్‌బాస్ ఇంటికి వెళ్లింది. ఆరోగ్యం సహకరించక మధ్యలోనే బయటకు వచ్చేసింది. అందరూ మెచ్చిన మనిషికే రోజంతా కెమెరా ముందు ఉండటం తేలిక కాలేదు.

మరి కొందరి మెదడు పుట్టుకతోనే వేరే తీరుగా పని చేస్తుంది. వాళ్లూ వీడియోలు చేస్తారు. వాళ్ల సంగతి ఏమిటి?

ఒక తల్లి ఉందనుకుందాం. మెదక్‌లోనే ఇల్లు. బీడీలు చుడుతుంది. రాత్రి బడికి పోయి ఈ మధ్యనే చదవడం నేర్చింది. ఆమెకు పందొమ్మిదేళ్ల బిడ్డ. ఆ పిల్లకు రైళ్లంటే ప్రాణం.

మెదక్ పట్టణానికి రైలు వచ్చింది 2022 సెప్టెంబరులో. అక్కన్నపేట నుంచి మెదక్ దాకా కొత్త పట్టాలు వేశారు. సుమారు 17 కిలోమీటర్ల దారి. రైలు వచ్చిన నాటి నుంచి ఈ పిల్లకు పండుగే. స్టేషన్‌కు పోతుంది. రైలును వీడియో తీస్తుంది. ఎన్ని డబ్బాలు, ఎన్ని నిమిషాలు ఆలస్యం, హారన్ ఎన్నిసార్లు మోగింది, అన్నీ చెబుతుంది. కెమెరా వైపు చూడదు. పట్టాల వైపు చూస్తూ మాట్లాడుతుంది. గొంతు ఎక్కదు, దిగదు. సంతోషం ఎక్కువైతే చేతులు రెక్కల్లాగా ఆడిస్తుంది.

మొదట్లో ఆ వీడియోలను నలభై మంది చూసేవారు, యాభై మంది చూసేవారు. ఒక రోజు ఒక వీడియోను వేల మంది చూశారు. కింద కామెంట్లు కుప్పలుగా పడ్డాయి. కామెంట్ అంటే చూసినవాళ్లు కింద రాసే మాట.

తల్లి బీడీల చాట పక్కన పెట్టింది. బిడ్డ ఫోను తీసుకుంది. అక్షరాల కింద వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది.

‘పి... చ్చి... ది.’

రాత్రి బడిలో ఆమె మొదట చదివిన మాట ‘పలక’. ఫోనులో సొంతంగా చదివిన మొదటి మాట ఇది.

“ఎవలే వీళ్లు? మనకేమైతరు?” అని అడిగింది.

“ఎవలో తెల్వదమ్మా.”

“తెల్వనోళ్లు నిన్నెందుకు తిడుతున్నరే?”

“తిడుతలేరమ్మా. నవ్వుతున్నరు. నవ్వే బొమ్మలు పెట్టిన్రు చూడు. నవ్వితే మంచిదే గద?”

తల్లికి ఏం చెప్పాలో తోచలేదు. బిడ్డ అబద్ధం ఆడటం లేదు. నిజంగానే అట్లా అనుకుంటోంది. ఇంట్లో విసుగు పుట్టి “నా నెత్తి తినకే” అంటే, “నేను తింటలేనమ్మా” అనే పిల్ల అది. మాట ఎట్లా ఉంటే అట్లాగే తీసుకుంటుంది. మాట వెనక మాట పట్టుకోవడం ఆమెకు కష్టం.

మూడో రోజు బడిలో తనతో చదివిన ఒకమ్మాయి వచ్చి విషయం విడమరిచి చెప్పింది. “వాళ్లు మెచ్చుకుంట నవ్వుతలేరే, నిన్ను చూసి నవ్వుతున్నరు” అంది. ఆ రాత్రి పిల్ల అన్నం ముట్టలేదు. పాత కామెంట్లన్నీ మొదటి నుంచి మళ్లీ చదివింది. నవ్వే బొమ్మలు ఎన్నో లెక్కపెట్టింది. తెల్లవార్లూ అదే పని. పొద్దున స్టేషన్‌కు పోలేదు.

ఇది ఏమిటి?

ఈ పిల్లకు ఉన్నది ఆటిజం. ఇది రోగం కాదు. పిచ్చి అంతకన్నా కాదు. మెదడు పెరిగే తీరులో తేడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంటుంది. కొందరికి మాట రాదు. కొందరికి మాట బాగా వస్తుంది, కానీ నలుగురిలో మెలగడం కష్టం. చప్పుడు, వెలుతురు, వాసన చాలామందిని బాధపెడతాయి.

ఏడుపాయల జాతరకు పోయి ఉంటారు. మైకులు, డప్పులు, పిల్లల ఏడుపులు, బండ్ల హారన్లు. అయినా పక్కనున్న వదిన మాట మీకు వినిపిస్తుంది. మెదడు మిగతా చప్పుళ్లను పక్కకు నెడుతుంది. ఆటిజం ఉన్న చాలామందికి ఆ నెట్టడం సరిగ్గా జరగదు. అన్నీ ఒకే జోరున చెవిలో పడతాయి. మామూలు అంగడి కూడా వాళ్లకు జాతరే. అందుకే కొందరు చెవులు మూసుకుంటారు, కొందరు కేకలు పెడతారు.

ఇదే దారిలో మరికొన్ని తేడాలు ఉన్నాయి. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు కుదురు ఉండదు. ఒక పని చేస్తూ ఇంకొకటి మరుస్తారు. ఇష్టమైన పనిలో పడితే మాత్రం తిండీ నిద్రా గుర్తుండవు. డిస్లెక్సియా ఉన్నవాళ్లకు అక్షరాలు తొందరగా పట్టుబడవు. తెలివికి ఏమీ తక్కువ ఉండదు. 2007లో వచ్చిన ‘తారే జమీన్ పర్’ సినిమా అటువంటి పిల్లవాని కథే. పెద్ద వయసులో పలక పట్టినవారికి ఈ బాధ కొంత తెలుసు. ‘ద’కు పొట్టలో చుక్క పెడితే ‘థ’, కింద ఒత్తు పెడితే ‘ధ’. ఎన్నిసార్లు తికమక పడి ఉంటారు! మీకు అలవాటయ్యే కొద్దీ ఆ తికమక పోయింది. వాళ్లకు ఏళ్ల తరబడి ఉంటుంది.

ఇట్లా మెదడు వేరే తీరుగా ఉన్నవారిని కలిపి ఇప్పుడు ‘న్యూరోడైవర్జెంట్’ అంటున్నారు. మాట పెద్దది. అర్థం చిన్నది. మనుషుల ముఖాలన్నీ ఒక్క తీరు ఉండవు, మెదళ్లు కూడా అంతే అని. ఇటువంటి ఆలోచనను 1998లో ఆస్ట్రేలియాలో జూడీ సింగర్ అనే ఆమె రాసింది. ఆమె తల్లిలోనూ బిడ్డలోనూ ఈ తేడా ఉంది. తనలోనూ గుర్తించింది.

తల్లి తప్పా?

ఇక్కడ ఒక సంగతి చెప్పి తీరాలి. బిడ్డ వేరుగా ఉంటే మొదట ఎవరిని అంటారు? తల్లిని. “కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసింది” అంటారు. “గారాబం చేసి చెడగొట్టింది” అంటారు. ఊళ్లలో చదువు లేనివారే ఇట్లా అన్నారనుకుంటే పొరపాటు. అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు 1943లో ఆటిజం గురించి రాశాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు అక్కడి పెద్ద పెద్ద చదువులవాళ్లు కూడా తల్లులనే తిట్టారు. తల్లి ప్రేమ చాలక బిడ్డ ఇట్లా అయ్యాడని పుస్తకాలు రాశారు. తల్లులు ఏడ్చారు. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే ఆయన ఆ మాట తప్పని పుస్తకం రాశాడు. ఆయన కొడుక్కే ఆటిజం ఉంది. ఇది పుట్టుకతో వచ్చేదని, పెంపకం వల్ల కాదని తర్వాత అందరూ ఒప్పుకున్నారు. గ్రహణం వల్ల రాదు. టీకాల వల్ల రాదు. మందుతో పోగొడతామని డబ్బులు గుంజేవారిని నమ్మవద్దు.

వీడియోలు ఎందుకు చేస్తారు?

నలుగురిలో మాట్లాడలేని పిల్ల వేల మంది చూసే వీడియో ఎట్లా చేస్తుంది? చాలామంది ఇదే అడుగుతారు. చెప్పాలంటే అదే తేలిక. ఫోను కళ్లలోకి చూడదు. మధ్యలో మాట అడ్డం వేయదు. తప్పు పోతే తుడిచి మళ్లీ చెప్పవచ్చు. ఇష్టమైన సంగతి గంటసేపు చెప్పినా “ఇగ చాలు ఆపు” అనదు. ఇంట్లో రైళ్ల ముచ్చట వినీ వినీ అందరికీ విసుగు. ఎక్కడో కాజీపేటలోనో విజయవాడలోనో ఇంకొక రైళ్ల పిచ్చోడు ఉంటాడు. వాడు ఇష్టంగా వింటాడు. పుట్టి పెరిగిన వాడలో దొరకని స్నేహం అక్కడ దొరుకుతుంది.

డబ్బు ఆశ కూడా ఉంటుంది. కానీ అది అంత సులువు కాదు. యూట్యూబ్‌లో మామూలు వీడియోల మీద ప్రకటనల డబ్బు రావాలంటే వెయ్యి మంది చందాదారులు కావాలి. ఏడాదిలో జనం 4000 గంటలు చూసి ఉండాలి. చాలామంది అక్కడిదాకా చేరరు.

ఎక్కడ నొస్తుంది?

బీడీలు చుట్టేవారికి లెక్క బాధ తెలుసు. ఇన్ని కట్టలని చుట్టి ఇస్తారు. కొన్ని బాగాలేవని పక్కన పడేస్తారు. కోపం వస్తుంది. అయినా ఏ బీడీ పడేశారో కంటికి కనిపిస్తుంది. ఆకు చిరిగిందో, తంబాకు తక్కువైందో తెలుస్తుంది. ఫోనులో అదీ తెలియదు. నిన్నటి వీడియో పదివేల మంది చూశారు. ఇవాళటిది పదకొండు మంది. అదే రైలు, అదే పిల్ల, అదే గొంతు. ఎవరి ముందు ఏ వీడియో పెట్టాలో కంపెనీ యంత్రం తేలుస్తుంది. కారణం ఎవరికీ చెప్పదు. ప్రతిదానికీ ఒక వరుస, ఒక కారణం ఉండాలని కోరుకునే మనసుకు ఇది నరకం. రాత్రంతా లెక్కలు చూసుకుంటారు. మామూలు మనిషి “పోనీలే” అంటాడు. వీళ్లకు ఆ ‘పోనీలే’ తొందరగా రాదు.

అలవాటు ఒక్కసారిగా తెగిపోతే ఇంకా కష్టం. 2020 జూన్ 29న మన ప్రభుత్వం టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లను ఆపేసింది. దేశ భద్రత కోసమని చెప్పింది. వీడియోలు చేసేవారు ఎందరికో ఒక్క రాత్రిలో చేసిందంతా పోయింది. రోజూ సాయంత్రం ఆరింటికి వీడియో పెట్టడమే బతుకైన పిల్లకు మరుసటి సాయంత్రం ఏం చేయాలో తెలియదు.

ఏడీహెచ్‌డీ ఉన్నవారి బాధ ఇంకొక రకం. ఒక రాత్రి కూర్చుని పది వీడియోలు చేస్తారు. తర్వాత నెల రోజులు ఒక్కటీ చేయలేరు. చూసేవారు “బద్ధకం” అంటారు. డిస్లెక్సియా ఉన్నవారు ఒక అక్షరం తప్పు రాస్తే చాలు, వంద మంది దాన్ని పట్టుకుని ఆడుకుంటారు.

అన్నిటికంటే పెద్దది ముసుగు బాధ. పెళ్లిచూపుల్లో కూర్చున్న పిల్లను తలుచుకోండి. చూపు ఎక్కడ పెట్టాలి? చేతులు ఎట్లా పెట్టుకోవాలి? ఎంత నవ్వాలి? అరగంట అయి లోపలికి వచ్చాక “అమ్మయ్య” అని కూలబడుతుంది. ఆటిజం ఉన్న చాలామందికి రోజంతా పెళ్లిచూపులే. మామూలుగా కనిపించడానికి లోపల ఎంతో కష్టపడతారు. ఆడపిల్లలు ఈ ముసుగు ఎక్కువగా వేసుకుంటారు. అందుకే చాలామంది ఆడపిల్లల్లో ఆటిజాన్ని ఆలస్యంగా గుర్తిస్తారు. వీడియోలో ముసుగు తీసి, చేతులు ఆడిస్తూ తన తీరున మాట్లాడితే నవ్వుతారు. ముసుగు వేసుకుని చేస్తే మెచ్చుకుంటారు, కానీ ఆ మెప్పు ముసుగుకు పోతుంది.

“నాకు ఆటిజం ఉంది” అని చెప్పాలా వద్దా? చెప్పకపోతే ‘పిచ్చిది’ అంటారు. చెబితే “నువ్వు బాగానే ఉన్నవ్ గదా, నాటకాలు” అంటారు. చెప్పినవారికి మరో బరువు కూడా వస్తుంది. ఎక్కడెక్కడి తల్లులో అర్ధరాత్రి రాస్తారు. “మా బాబుకు నాలుగేళ్లు, మాట రాలేదు, ఏం చేయాలె చెల్లీ?” అని. ఆ తల్లుల బాధ నిజమే. కానీ వీడియో చేసే పిల్ల డాక్టరు కాదు. వాళ్ల దుఃఖం కూడా తన మీద వేసుకుని నలిగిపోతుంది.

పై నుంచి చూసే చూపు

ఉమ్మడి మెదక్ జిల్లాలో జహీరాబాద్ ప్రాంతం ఉండేది. 2016లో అది సంగారెడ్డి జిల్లాలోకి పోయింది. అక్కడ డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో చేరిన పేద దళిత ఆడవాళ్లు కెమెరా పట్టడం నేర్చుకున్నారు. చాలామందికి చదువు రాదు. పొలం పనులు చేసుకునేవారు. 2008 అక్టోబరు 15న మాచ్‌నూరులో వాళ్ల సంఘం రేడియో కూడా మొదలైంది. కెమెరా పాఠాల్లో వాళ్లు తమ సొంత పేర్లు పెట్టుకున్నారు. కెమెరా పై నుంచి కిందికి చూస్తే ‘పటేల్ షాట్’ అన్నారు. దొర గడప మీద నిలబడి కింద ఉన్న కూలిని చూసే చూపు అది. ఎదుటి మనిషి కళ్లకు సమానంగా పెట్టి తీస్తే ‘సంఘం షాట్’ అన్నారు. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు కదా.

రైలు పిల్ల వీడియో కింద నవ్వే బొమ్మ పెట్టినవాడు పటేల్ షాట్‌లోనే చూస్తున్నాడు. “అయ్యో పాపం” అని జాలిపడేవాడిదీ ఇంచుమించు అదే చూపు. ఇంకొకటి ఉంది. ఆటిజం ఉన్న పసిబిడ్డ తట్టుకోలేక కిందపడి ఏడుస్తుంటే, కన్నవాళ్లే వీడియో తీసి నలుగురికీ పెడతారు. జనానికి తెలియాలని పెట్టామంటారు. ఆ బిడ్డను ఎవరు అడిగారు? రేపు పెద్దయ్యాక ఆ వీడియో చూసుకోదా?

వెక్కిరింత పెద్దవాళ్ల నుంచి కూడా వస్తుంది. స్వీడన్ దేశపు గ్రేటా థన్‌బర్గ్ పేరు వినే ఉంటారు. ఆమెకు ఆటిజం ఉంది. బడిలో స్నేహితులు లేక ఒంటరిగా ఉండేది. 2018లో వాతావరణం కాపాడాలని పార్లమెంటు ముందు ఒక్కతే అట్ట పట్టుకుని కూర్చుంది. ఆమె మాట ఫోనుల ద్వారా లోకమంతా పాకింది. మరుసటి ఏడాది, ఆమెకు పదహారేళ్లప్పుడు, అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఆమెను ఎత్తిపొడుస్తూ రాశాడు. చాలా సంతోషంగా ఉన్న చిన్నపిల్ల అన్నట్టు వెటకారం. ఆ పిల్ల తిరిగి తిట్టలేదు. ఆయన రాసిన మాటలనే తీసి తన పేరు కింద తన పరిచయంగా పెట్టుకుంది. అందరికీ ఆ ధైర్యం రాదు. రావాలని అడగకూడదు కూడా.

ఇంట్లోవాళ్లు ఏం చేయవచ్చు?

“ఫోను గుంజుకుంటే సరి” అని మేనమామ అంటాడు. అది గుంజుకుంటే తిట్లతో పాటు స్నేహాలూ పోతాయి. ముందు పక్కన కూర్చోవాలి. ఏ మాట ఎందుకు అన్నారో విడమరిచి చెప్పాలి. “గీ నవ్వు మంచి నవ్వు కాదు బిడ్డా, కానీ తప్పు నీది కాదు” అని చెప్పాలి. ఇటువంటి పిల్లలకు చాటుమాటుగా చెప్పేకన్నా సూటిగా చెబితేనే తెలుస్తుంది.

కామెంట్లు అసలే రాకుండా ఆపవచ్చు. లేదా కొన్ని మాటలను ముందే రాసి పెట్టవచ్చు. ఆ మాటలు ఉన్న కామెంట్లు కనపడకుండా ఆగిపోతాయి. యూట్యూబ్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ ఈ సౌకర్యం ఉంది. బెదిరించినా, అసభ్యంగా రాసినా తుడిచేయవద్దు. ఫోను తెరను ఫోటో తీసి ఉంచుకుని షీ టీమ్‌కు చెప్పవచ్చు. ఆడవాళ్ల కోసం తెలంగాణ పోలీసులు 2014లో పెట్టిన బృందాలు అవి.

చట్టం కూడా ఉంది. 1995 నాటి చట్టంలో వికలాంగత్వం ఏడు రకాలే. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. ఆటిజం, డిస్లెక్సియా అందులో ఉన్నాయి. ఏడీహెచ్‌డీ పేరు లేదు. అది లోటే. వికలాంగులను కావాలని నలుగురూ చూసే చోట అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, జరిమానా పడవచ్చని ఆ చట్టం చెబుతుంది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు, వికలాంగుల మీద జోకులు వేసిన కొందరు హాస్యగాళ్లను వాళ్ల వీడియో చానళ్లలోనే క్షమాపణ చెప్పమంది.

పిల్ల తినకపోయినా, నిద్రపోకపోయినా, “నేను బతుకుడెందుకు” అన్నా తేలిగ్గా తీసుకోవద్దు. ఆటిజం ఉన్నవారిలో దిగులు, బెంగ మిగతావారికంటే ఎక్కువ. 14416 నంబరుకు ఫోను చేయండి. డబ్బులు పడవు. పగలైనా రాత్రైనా తెలుగులో మాట్లాడతారు. 2022లో మొదలైన టెలి మానస్ అది. పరీక్ష చేయించాలంటే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 1984లో పెట్టినది. తర్వాత పేరు మారింది. ఇప్పుడు దాన్ని నీపిడ్ అంటున్నారు.

ఆ తల్లి ఏం చేసిందనుకుందాం? రాత్రి బడి నోటుపుస్తకం తీసింది. బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుంది. ఆపాల్సిన మాటలు ఒక్కొక్కటే రాసింది. ‘పిచ్చిది.’ ‘తిక్కది.’ ‘ఎడ్డిది.’ ‘మెంటల్.’ తిట్లు రాయడం బడిలో ఎవరూ నేర్పలేదు. ‘చ్చ’ ఒత్తు దగ్గర రెండుసార్లు కొట్టేసి రాసింది. బిడ్డ వాటిని చూసి ఫోనులో ఎక్కించింది.

నాలుగు రోజులకు పిల్ల మళ్లీ స్టేషన్‌కు పోయింది. ఆ రోజు రైలు ఆరు నిమిషాలు ఆలస్యం. ఆ సంగతే వీడియోలో చెప్పింది. చేతులు ఆడించింది. ఇరవై ముగ్గురు చూశారు.

సాయంత్రం తల్లి ఫోను అడిగి తీసుకుంది. ఒక్కొక్క అక్షరం వెతికి కామెంటు పెట్టింది. ‘రైలూ మంచిగుంది బిడ్డా.’

పిల్ల చదివింది. తల ఎత్తకుండానే అంది. “రైలుకు దీర్ఘం ఉండదమ్మా.”